పడని బోర్ల లెక్క

నేను రిగ్గు లారీ మీద లెక్క రాసేటోణ్ని.
ఎన్ని ఫీట్లకు దుబ్బ, ఎన్ని ఫీట్లకు రాయి,
కేసింగు పైపులెన్ని, డీజిలెంత, బాకీ ఎంత.
పదకొండేండ్లు, నాలుగు లాంగు నోటుబుక్కులు.
దేవుడున్నడా అని నన్నెవరూ అడగలే,
అడిగితే పేజీ నంబరు చెప్పేటోణ్ని.

బచ్చన్నపేట అవతల, బుచ్చవ్వ చెల్కల
అది ఐదో పొక్క.
ఓదెలు చెప్పులిడిచి వచ్చిండు,
అరచేతిల కొబ్బరికాయను అడ్డంగ పండుకోబెట్టి.
తుమ్మచెట్టు దాటంగనే
కాయ లేచి నిలబడ్డది,
నిద్రల పిలిస్తే లేచిన పిలగాని లెక్క.

హన్మకొండ నుంచి వచ్చిన నుస్రత్ మేడం
వైర్లు చుట్టుకుంట చూసింది, నవ్వలే.
ఆమె మిషను ఇంకో తావు చూపెట్టింది, ఇరవై అడుగుల దూరం.
"ఓదెలన్నా, కండ్లకు గుడ్డ కట్టుకొని మళ్ల నడువు.
మళ్ల గక్కడనే లేస్తే
నా మిషను నీ కాళ్ల కాడ పెడ్త."
"గంగమ్మ ఒక్కసారే పలుకుతది మేడం."
"పలుకకపోతే?"
"భూమిగలామె రాత."
"పలికితే నీ చెయ్యి, పలుకకపోతే ఆమె రాతనా?
ఓడే తొవ్వే లేని పందెంల
గెలుపుకు ఇలువేంది?"

ఓదెలు కోపం చెయ్యలే. కాయను తువ్వాలతోని తుడిచిండు.
బస్సు కిరాయి తప్ప ఒక్క రూపాయి తీసుకోడు.
అబద్ధమాడే మనిషి కాదు, నాకెరుక.
కాని అబద్ధమాడని కండ్లు గూడ
పొద్దూకినంక తాడును పామంటయి గద.

రాత్రి తొమ్మిదికి రిగ్గు మొదలైంది.
రెండువందల నలభై దాక తెల్ల దుబ్బ.
మూడువందలు. దుబ్బంత నెత్తిన పడి
బుచ్చవ్వ ఇంకింత ముసల్దయింది.
మూడువందల ఎనభై ఐదు కాడ వాసన మారింది.
బురద. మళ్ల బురద.
లారీ లైట్లల్ల రెండించుల నీళ్లు
మొగులు దిక్కు లేచినయి.

ఊరంత ఓదెలు కాళ్ల మీద పడ్డది.
నేను గూడ పడ్డ, దాచుడెందుకు.
బుక్కు సంకల ఉండంగనే నడుం వంగింది.

మేడం ఆ బుక్కే అడిగింది.
జీపు లైటు ముంగట కూసోని ఎంచింది.
ఓదెలు పెట్టినయి నూట పన్నెండు, పడ్డయి నలభై మూడు.
శాఖోళ్లు పెట్టినయి తొంభై ఆరు, పడ్డయి నలభై ఒకటి.
చానసేపు సప్పుడు చెయ్యలే.
"నా చదువు గెలిచింది నూటికి నాలుగేనా" అన్నది,
ఎవరితోనో కాదు.
జరసేపాగి, "కాయ లేకుంట, మిషను లేకుంట
ఉట్టిగ తవ్విన బోర్లెన్ని?"

పేజీలన్ని తిప్పిన. ఒక్కటి లేదు.
ఉట్టిగ ఎవలు తవ్వుతరు మేడం?
అప్పు తెచ్చినోడు ఎవలనో ఒకలను
నమ్మకుంట భూమిల పొక్క పెట్టడు.
"ఆ లెక్కే లేకుంటె
మేమిద్దరం దేనికన్న ఎంత ఎక్కువో ఎట్ల తేలుతది?"
ఓదెలు గూడ తలకాయ ఊపిండు,
ఆ రాత్రి వాళ్లిద్దరు కలిసింది ఆ ఒక్క మాట కాడనే.

బుచ్చవ్వ నీళ్లల్ల కాళ్లు పెట్టి నిలబడ్డది.
"నాలుగు పొక్కలు ఎండినప్పుడు ఎటువోయిన్రు బిడ్డా మీరంత?
నేను కాయను నమ్మలే, మిషనును నమ్మలే.
నమ్మినా నమ్మకున్నా మిత్తి ఒక్కతీరే పెరుగుతది."

ఆ నాలుగింటి మీద బండలు పెట్టింది నేనే,
పిల్లలు జారొద్దని.
ఐదోదానికి తెల్లారెవరకు పసుపు, కుంకుమ, ఊదుబత్తులు.
బండల కాడికి ఎవలూ పోలే.
బండ కింద సాక్ష్యం ఉంటదని
ఎవలు లేపి చూస్తరు?

మొన్న జనగామ బంకు కాడ
లారీ లైన్ల ఉండంగ, ఎవలూ చూస్తలేరని
నేను గూడ ఒక కాయను అరచేతిల పండుకోబెట్టిన.
నాలుగడుగులు ఏసిన. లేచి నిలబడ్డది!
ఒళ్లంత జల్లుమన్నది.
నా చెయ్యి అల్లాడలే, ఒట్టు.
అల్లాడితే నాకే తెల్వకపాయె.

తర్వాత యాదికొచ్చింది,
నేను నిలబడ్డ గచ్చు కింద ఉన్నది
డీజిలు టాంకి.

పడ్డదని రాయాల్నో, పడలేదని రాయాల్నో తెల్వక
పెన్నుకు మూత పెట్టిన.